కరెంటు బండి, ఇంటి పద్దు: విజయనగరం–గరివిడి దారిలో రెండేళ్ల లెక్క

2024 జనవరిలో సంక్రాంతి సెలవులు ముగిసిన వారానికి నేనొక ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. ఇప్పుడు 2025 డిసెంబరు నడుస్తోంది. మీటరు 27,300 కిలోమీటర్లు చూపిస్తోంది. ఈ బండి గురించి నన్ను అడిగినవారికి నోటితో చెప్పిందంతా ఒకచోట రాసిపెడితే, పెట్రోలు ఖర్చు భరించలేక ఇదే ఆలోచనలో ఉన్న మరికొందరికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు, నేను కొన్న షోరూమ్ పేరు రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో కొన్ని ఆ ఒక్క కంపెనీవే అని చెప్పలేను, పైగా బండి ఎంపిక కంటే ముందు తేల్చుకోవలసిన లెక్క ఒకటుంది. అది ఏ కంపెనీ బండికైనా ఒకటే.

నేను ఉండేది విజయనగరంలో, పనిచేసేది గరివిడి దాటాక లోపలికి వెళ్ళే ఒక ఊరి హైస్కూల్లో. నెల్లిమర్ల, గుర్ల మీదుగా వెళ్ళిరావడానికి రోజుకు 54 కిలోమీటర్లు అవుతుంది. గరివిడికి రైలూ బస్సూ రెండూ ఉన్నాయి, కానీ అక్కడ దిగాక మా ఊరికి ఆటో నిండేవరకు ఎదురుచూస్తే ప్రార్థన గంట దాటిపోతుంది. అందుకే పదకొండేళ్లుగా బండి మీదే తిరుగుతున్నాను. ఇంతకుముందు నడిపినది 2013లో కొన్న 125 సీసీ మోటారు సైకిల్. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చేది. నెలకు 23 పనిదినాలు వేసుకుంటే 1,242 కిలోమీటర్లు, అంటే 25 లీటర్లకు కాస్త తక్కువ.

ఆ 25 లీటర్లు ఇంటి బడ్జెట్‌ను ఎలా మార్చాయో చెప్పాలంటే మా ఆవిడ రాసే పద్దు పుస్తకం తెరవాలి. పాలు, బియ్యం, చీటీ, పిల్లల ఫీజు, గ్యాసు, కరెంటు, మందులు అని ఒక్కోదానికి ఒక్కో గడి గీసి ఉంటుంది. 2021 వేసవిలో మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు నూరు రూపాయలు దాటినప్పుడు ఆమె 'బండి' అనే గడిని చివరి నుంచి తెచ్చి పాల పక్కన పెట్టింది. ఎందుకని అడిగితే, పాల ఖర్చు కంటే అది పెద్దదైందని, పెద్ద ఖర్చులన్నీ పైన ఉండాలని చెప్పింది. ఆ ఏడాది నవంబరు మొదట్లో కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు 5 రూపాయలు తగ్గించింది. తరువాత నాలుగున్నర నెలలు ధర కదలలేదు. 2022 మార్చి 22 నుంచి దాదాపు రోజూ ఎనభై పైసల దాకా పెరగడం మళ్ళీ మొదలై, ఏప్రిల్ 6 నాటికి మొత్తం 10 రూపాయలు పెరిగింది. మన దగ్గర లీటరు 120 రూపాయల అంచుకు చేరింది. ఆ నెల పద్దులో 'బండి' గడిలో మూడు వేలకు దగ్గరగా అంకె ఉంది, దాని పక్కనే మామిడిపళ్ళ గడి ఖాళీగా ఉంది. ఆ రెండు గడులు పక్కపక్కన చూసిన రోజే నేను కరెంటు బండి గురించి మొదటిసారి గట్టిగా ఆలోచించాను.

2022 మే 22 నుంచి సుంకం మరో 8 రూపాయలు తగ్గింది, 2024 మార్చి 15న ధర ఇంకో 2 రూపాయలు తగ్గింది. అయినా మన జిల్లాల్లో లీటరు 110 రూపాయలకు కాస్త అటూ ఇటూగానే నిలబడిపోయింది. దీనికి కారణం ముడిచమురు ఒక్కటే కాదు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తుంది కనుక ఎక్కడో యుద్ధం మొదలైతే ఇక్కడ లీటరు ధర పెరుగుతుందన్నది నిజమే. కానీ అదే పెట్రోలు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే ఏడెనిమిది రూపాయలు తక్కువకు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉన్నాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. పాతపట్నం వాళ్ళు పర్లాకిమిడి వెళ్ళి ట్యాంకు నింపుకొని రావడం, ఇచ్ఛాపురం వాళ్ళు సరిహద్దు దాటి కొట్టించుకోవడం శ్రీకాకుళం జిల్లాలో అందరికీ తెలిసిన విషయమే. మా మేనమామ కొడుకు ఇచ్ఛాపురంలో ఉంటాడు. వాడికి సరిహద్దు దగ్గర కాబట్టి నెలకు నూటయాభై, రెండొందలు మిగులుతాయి. మన విజయనగరం వాళ్ళకు ఆ దారి లేదు.

ఇక బండి సంగతికి వస్తాను.

బ్యాటరీ సామర్థ్యం సుమారు 3 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 3 యూనిట్లు. ఒక ఛార్జింగ్‌కు 120 కిలోమీటర్లు వస్తుందని ప్రకటనలో ఉంది. నాకు మొదటి ఏడాది వచ్చింది 86. ఈ తేడా మోసమని నేను అనను. ప్రకటనలో చెప్పే దూరం ఒక పద్ధతి ప్రకారం, నిర్ణీత వేగాల్లో పరీక్షించి చెప్పేది. మనం నడిపేది నెల్లిమర్ల దాటాక లారీని తప్పించుకోవడానికి ఒక్కసారిగా వేగం పెంచి, పశువులు అడ్డొస్తే బ్రేకు వేసి, మళ్ళీ లాగి. నా అనుభవంలో గంటకు 45 కిలోమీటర్ల వేగంలో నిలకడగా వెళితే 90 దాకా వస్తుంది, 65 దాటించి నడిపితే 72కి పడిపోతుంది. వెనుక మనిషి కూర్చుంటే అందులో ఇంకో ఏడెనిమిది తగ్గుతాయి. రెండో ఏడాది చివరికి వచ్చేసరికి అదే నడకకు 80, 81 వస్తోంది. కొనేవారు ప్రకటనలో రాసిన దూరంలో మూడో వంతు తీసేసి, మిగిలింది తమ రోజువారీ దూరానికి ఒకటిన్నర రెట్లు ఉందో లేదో చూసుకోవాలి. నాకు 54 కిలోమీటర్లకు 81 అంటే సరిగ్గా ఆ అంచున ఉన్నాను. బ్యాటరీ ఇంకొంచెం తగ్గితే వానాకాలంలో ఇబ్బంది పడతానని తెలుసు.

ఒకసారి అలాంటి ఇబ్బంది పడ్డాను కూడా. 2024 సెప్టెంబరులో ఒక శుక్రవారం బడి అయ్యాక సామగ్రి కోసం చీపురుపల్లి వెళ్ళాను. ఆ పొద్దున్న ఛార్జింగ్ పూర్తిగా ఎక్కలేదన్న సంగతి పట్టించుకోలేదు. తిరుగుదారిలో వాన, ఎదురుగాలి. గుర్ల దాటేసరికి 11 శాతం, నెల్లిమర్ల చేరకముందే 6 శాతం. అక్కడ నుంచి బండి తనంతట తానే వేగం తగ్గించేసుకుంది. రోడ్డు పక్కన టీ కొట్టు ముందు ఆపి, ఫ్యాను కోసం పెట్టుకున్న ప్లగ్గు ఒక్క అరగంట ఇస్తారా అని అడిగాను. ఆయన బండిని, నా తడిసిన సంచిని చూసి, "ఏటి మాస్టారూ, కరెంటు బండా? దారిలో అయిపోతే ఏటి సేత్తారని మా అబ్బాయిని అడగతానే ఉన్నాను. ఇదే సేత్తారన్నమాట" అంటూ తన ఫ్యాను తీసి ప్లగ్గు ఇచ్చాడు. నలభై నిమిషాలు కూర్చున్నాను. పది కిలోమీటర్లకు సరిపడా ఎక్కింది, ఇల్లు చేరాను. నేను వాడిన కరెంటు అర యూనిట్ కూడా ఉండదు. ఇరవై రూపాయలు ఇస్తే తీసుకున్నాడు. పెట్రోలు అయిపోతే ఎవరినైనా లిఫ్టు అడిగి బాటిల్లో తెచ్చుకోవచ్చు, కరెంటు అలా తెచ్చుకోలేం. ఆ సాయంత్రం తరువాత ఛార్జింగ్ పూర్తయిందో లేదో చూడకుండా నేను గేటు దాటలేదు.

బడిలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. ఆ బిల్లు ప్రభుత్వానిది. నా ప్రయాణ ఖర్చును బడి మీటరు మీద వేయడం నాకు సమ్మతం కాదు కనుక ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా అక్కడ ప్లగ్గు పెట్టలేదు. కాబట్టి నేను కింద చెప్పే ఖర్చంతా ఇంటి మీటరులో తిరిగినదే.

మాది సొంత ఇల్లు, బండి నిలిపేది కింద వరండాలో. కొనడానికి ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించి, 15 ఆంపియర్ల సాకెట్, దానికి ఒక ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తానే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించాను. రూ.3,200 అయింది. షోరూములో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మామూలు గది ప్లగ్గుకు పెట్టినా ఎక్కుతుందని మాత్రమే చెప్పారు. ఎక్కుతుంది నిజమే. కానీ రోజూ రాత్రి గంటలకొద్దీ, సంవత్సరాల తరబడి, పాత ఇళ్ళ సన్నటి వైర్లలో అంత కరెంటు ప్రవహించడం ప్రమాదమని ఎలక్ట్రీషియన్ వివరించాకే నాకు అర్థమైంది. మా వీధిలో ఇంకొకరు పాత ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి నడిపారు. ఆ బాక్సు ఒక మూల నల్లబడి, ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోవడం నేను కళ్ళారా చూశాను. బండి కొనే డబ్బులో ఈ మూడు వేలు ముందే తీసి పక్కన పెట్టుకోండి.

కరెంటు లెక్క చాలామంది తప్పుగా వేస్తారు. షోరూములో, యూట్యూబ్‌లో 'పది పైసలకు కిలోమీటరు' అంటుంటారు. అది తక్కువ స్లాబు ధర వేసి చెప్పే మాట. మన దగ్గర తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఇచ్చే గృహ కరెంటుకు స్లాబులున్నాయి: మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. బండి వాడకం ఇంటి వాడకం పైన చేరుతుంది కనుక దానికి పడే ధర మన ఇంటి చివరి స్లాబు ధర. మొదటి స్లాబు ధర కాదు. మా ఇంట్లో మామూలు నెలల్లో 150 యూనిట్ల దాకా కాలుతుంది. బండికి నెలకు 50 యూనిట్లు. బ్యాటరీలోకి ఎక్కేది మూడైతే మీటరులో తిరిగేది దాదాపు మూడున్నర, మిగిలింది ఛార్జర్ వేడిగా పోతుంది. ఆ 50 యూనిట్లూ రూ.6 స్లాబులోనే పడతాయి. ఇంధన ధరల సర్దుబాటు ఛార్జీ యూనిట్‌కు 40 పైసలు, విద్యుత్ సుంకం కలుపుకొంటే రూ.325 లోపు. ఏప్రిల్‌లో, జూన్‌లో ఏసీ వేసే రోజుల్లో ఇంటి వాడకమే 225 దాటిపోతుంది, అప్పుడు బండి కరెంటు మొత్తం రూ.8.75 స్లాబులోకి వెళ్ళి రూ.460 అవుతుంది. అంటే కిలోమీటరుకు 26 పైసల నుంచి 37 పైసల దాకా. పెట్రోలు బండికి కిలోమీటరుకు రెండు రూపాయల ఇరవై పైసలు అయ్యేది. పది పైసలు కాకపోయినా తేడా ఇంకా చాలా పెద్దదే, అందుకే దాన్ని పెంచి చెప్పవలసిన అవసరం లేదు.

నెలకు రూ.2,700 పెట్రోలు పోయి రూ.325 కరెంటు వచ్చింది. మిగులు సుమారు రూ.2,375. బడి నడిచే పది నెలలకు రూ.23,750. ఇంజిన్ ఆయిలు, చైను, కార్బురేటర్ పని లేకపోవడం వల్ల సర్వీసులో ఏడాదికి మరో రెండు వేల పైచిలుకు మిగిలింది. మొత్తం ఏడాదికి రూ.26,000 అనుకుందాం.

ఇక్కడితో ఆపితే చాలా అందమైన లెక్క. కానీ బండి ఊరికే రాలేదు. ఆన్‌రోడ్ ధర రూ.1,25,000. కేంద్రం కరెంటు బండ్లకు అప్పట్లో ఇచ్చిన ఫేమ్ అనే పథకం రెండో దశ సబ్సిడీని 2023 జూన్ 1 నుంచి కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయల నుంచి 10,000కు తగ్గించి, గరిష్ఠ పరిమితిని బండి ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి దించడంతో ఆ కోతకు ముందు చూసి వదిలేసిన బండి నాకు ఎక్కువ ధరకు వచ్చింది. ఆ ఆలస్యానికి ఇప్పటికీ బాధపడుతున్నాను. రూ.35,000 చేతి నుంచి కట్టి, మిగిలిన రూ.90,000కు 11.5 శాతం వడ్డీతో 24 నెలల అప్పు తీసుకున్నాను. వాయిదా నెలకు రూ.4,216.

పెట్రోలులో మిగిలింది రూ.2,375, వాయిదా రూ.4,216. అంటే ఈ రెండేళ్లూ మా ఇంటి మీద నెలకు రూ.1,800కు పైగా అదనపు భారం పడింది. 'బండి వాయిదా పెట్రోలే కట్టేస్తుంది' అని షోరూములో చెప్పిన మాట మా విషయంలో నిజం కాలేదు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగేవారికి అవుతుందేమో. అలా తిరిగేవారికి ఈ బ్యాటరీ చాలదు. ఫ్రిజ్ మార్చుకోవాలన్న పని ఈ కారణంగానే రెండేళ్లు వాయిదా పడింది. పద్దు పుస్తకంలో 'బండి' గడి చిన్నదైంది కానీ 'అప్పు' అనే కొత్త గడి వచ్చి చేరింది. వచ్చే నెలతో వాయిదాలు పూర్తవుతాయి. ఆ గడి కొట్టేసే రోజు కోసం ఇంట్లో ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

కాబట్టి నా తీర్పు బండి మీద కాదు, పాత బండి పరిస్థితి మీద ఆధారపడి ఉంటుంది. మీ పెట్రోలు బండి బాగా నడుస్తూ ఉంటే, దాన్ని పక్కన పెట్టి ఇది కొంటే పెట్టిన లక్షా ముప్పై తొమ్మిది వేలు (అప్పు వడ్డీ, వైరింగ్ కలిపి) తిరిగి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. అదే ఎలాగూ కొత్త బండి కొనక తప్పని స్థితిలో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. నా మోటారు సైకిల్ పొగ పోస్తోంది, ఇంజిన్ బోరు పని చేయించాలని మెకానిక్ చెప్పాడు. లక్ష రూపాయల పెట్రోలు బండిని అదే పద్ధతిలో అప్పుమీద కొని ఉంటే రూ.1,08,000 అయ్యేది. దానికీ దీనికీ తేడా రూ.31,000. ఆ తేడా పద్నాలుగు, పదిహేను నెలల్లో తీరిపోయింది. అందువల్ల నేను చేసిన పని నాకు సరైనదే. పక్క వీధిలో రెండేళ్ల క్రితం కొన్న మంచి బండిని ముప్పై వేలకు అమ్మేసి ఇది కొన్న మిత్రుడికి మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం. ఆయన తిరిగేది రోజుకు పన్నెండు కిలోమీటర్లు. నెలకు ఐదారు వందలు మిగులుతాయి, అంతే.

సర్వీసు విషయంలో నా అసంతృప్తి దాచుకోను. 2024 జులైలో ఛార్జర్ పాడైంది. వారంటీ ఉంది, డబ్బు అడగలేదు, కానీ కొత్త ఛార్జర్ విశాఖపట్నం నుంచి రావాలన్నారు. రేపు, ఎల్లుండి అంటూ పదకొండు రోజులు గడిచాయి. ఛార్జర్ లేని కరెంటు బండి కదలని వస్తువు. పాత మోటారు సైకిల్ అమ్మకుండా ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది పనిదినాలకు దానిలో దాదాపు పది లీటర్లు, వెయ్యీ అరవై రూపాయలు పోశాను. పెట్రోలు బండి చెడితే గరివిడిలోనైనా, గుర్లలోనైనా చెట్టు కింద మెకానిక్ చేయి పెడతాడు. ఈ బండి మీద చేయి పెట్టేవాడు షోరూములోనే ఉన్నాడు, అతనికీ కంప్యూటర్ ఏం చెబితే అదే. కొనేముందు ఛార్జర్, మోటారును నడిపించే కంట్రోలర్ ఆ ఊళ్ళో నిల్వ ఉన్నాయా అని అడగండి. బ్యాటరీ వారంటీ మూడేళ్లు లేదా 50,000 కిలోమీటర్లు. అది దాటాక మార్చవలసి వస్తే అరవై వేల పైన అవుతుందని డీలరు నోటిమాటగా చెప్పాడు. ఎక్కువ కాలం వారంటీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. మళ్ళీ కొంటే ధరలో ఐదారు వేలు ఎక్కువైనా అదే తీసుకుంటాను. వెనుక టైరు 16,000 కిలోమీటర్లకే అరిగిపోయింది, రూ.2,100. బ్యాటరీ బరువు, మోటారు లాగుడు రెండూ ఆ టైరు మీదే పడతాయి మరి.

బండి నడకకు మాత్రం వంక పెట్టలేను. తెల్లవారుజామున పరీక్షల డ్యూటీకి బయలుదేరితే వీధిలో కుక్క కూడా లేవదు. నెల్లిమర్ల దగ్గర ట్రాఫిక్‌లో గేరు, క్లచ్ గొడవ లేకపోవడం వల్ల ఎడమచేతి మణికట్టు నొప్పి తగ్గింది. వానకు తడిసి చెడిపోయి ఈ రెండేళ్లలో ఎక్కడా ఆగలేదు. మోకాలి లోతు నీటిలోకి మాత్రం ఎప్పుడూ దింపలేదు. డిక్కీలో హెల్మెట్, జవాబు పత్రాల కట్ట రెండూ పడతాయి.

పాత బండి ఎందుకు ఉంచుకున్నానో చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి వారానికి పైగా కరెంటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను, ముఖ్యంగా ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు ఎన్నో పల్లెలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. మనది తుపాన్ల తీరం. తుపాను తరువాత బంకుల ముందు కూడా పెద్ద వరుసలు ఉంటాయి, కానీ అప్పటికే ట్యాంకులో ఉన్న మూడు లీటర్లు నూటయాభై కిలోమీటర్లు తీసుకెళతాయి. వాయుగుండం వార్త వినగానే నేను రెండు పనులు చేస్తాను: స్కూటర్ నూరు శాతం ఎక్కిస్తాను, మోటారు సైకిల్‌లో మూడు లీటర్లు పోయిస్తాను. ఇంట్లో ఒకే బండి ఉండి, అది కరెంటు బండే కావడం మన జిల్లాల్లో నేను సిఫారసు చేయను.

ఆ మూడు లీటర్ల కోసం బంకుకు వెళ్ళినప్పుడు ఇదివరకటి అలవాటు ఇంకా పోలేదని తెలుస్తుంది. కుర్రవాడు "సున్నా చూసుకోండి సార్" అనగానే చూపు మీటరు మీద అతుక్కుపోతుంది. రూపాయల అంకెలు పరుగెడుతుంటే లీటర్ల అంకె నెమ్మదిగా కదులుతుంది. నా ముందు నిలబడ్డ తాపీ పనివాళ్ళు ఇద్దరూ జేబులు తడుముకుని "వంద కొట్టు" అంటారు. వందకు లీటరు కూడా రాదు. వాళ్ళకు రోజూ పని ఒకచోట ఉండదు, ఇంట్లో ఛార్జింగుకు సరైన ప్లగ్గు ఉండదు, లక్ష రూపాయల బండికి అప్పు ఇచ్చేవారూ సులువుగా దొరకరు. పెట్రోలు ధర అందరికంటే ఎక్కువగా తగిలేది వాళ్ళకే, దాని నుంచి బయటపడే ఈ దారి అందనిది కూడా వాళ్ళకే. నెల జీతం వచ్చే నాలాంటివాడు రాసే లెక్క వాళ్ళ విషయంలో పనికిరాదని నాకు తెలుసు.

నేను పెట్రోలు కొనడం మానినా పెట్రోలు, డీజిలు మా ఇంటి పద్దులోంచి పూర్తిగా పోలేదు. రైతు బజారుకు ఆటోలో వచ్చే వంకాయల ధరలో ఉంది, పిల్లల స్కూలు ఆటో ఫీజులో ఉంది. ఆటో ఆయన 2022లో నెలకు వంద పెంచాడు, తరువాత ధర కొంత తగ్గినా ఆ వంద తగ్గలేదు. ఈ ఏడాది మాకు నిజంగా ఊరట కలిగించింది ఇంకొకటి: ఆగస్టు 15 నుంచి మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు ప్రయాణం. మా ఆవిడ గజపతినగరంలో ఉద్యోగానికి పల్లెవెలుగు బస్సులో వెళ్ళివస్తుంది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడంతో నెలకు సుమారు రూ.1,600 మిగులుతోంది. అప్పు లేకుండా, బ్యాటరీ భయం లేకుండా, పైసా పెట్టుబడి లేకుండా మిగిలిన డబ్బు అది. బస్సు దొరికే దారిలో, బస్సు సమయానికి సరిపడే పని ఉన్న ఆడవాళ్ళు ఇప్పుడు బండి కొనవలసిన అవసరం లేదు. నా దారిలో చివరి నాలుగు కిలోమీటర్లకు సమయానికి ఒక బస్సు ఉండి ఉంటే, టికెట్ కొనుక్కునైనా నేనూ అదే ఎక్కేవాణ్ణి.

మా బడిలో లెక్కల మాస్టారు రాజాం నుంచి వస్తారు. ఆయన బండి కూడా చివరి దశలో ఉంది, రోజూ నా స్కూటర్ చుట్టూ తిరిగి చూస్తారు. ఆయన ఉండేది అద్దె ఇంట్లో, పై అంతస్తులో. మోడళ్ళ గురించి, రంగుల గురించి అడుగుతుంటే, ముందు ఇంటి యజమానిని కింద ప్లగ్గు పెట్టుకోనిస్తారా అని అడగమన్నాను. మొదట యజమాని వద్దన్నారట, బిల్లు ఎవరు కడతారన్న అనుమానంతో. విడిగా ఒక సబ్ మీటరు పెట్టి, అందులో తిరిగిన యూనిట్లకు ఆ నెల చివరి స్లాబు ధర ఇస్తానని మాస్టారు కాగితం మీద రాసి చూపించాక ఒప్పుకున్నారు. పోయిన ఆదివారం వైరు లాగారు. సంక్రాంతి దాటాక బండి చూడడానికి ఇద్దరం కలిసి వెళుతున్నాం, ఈసారి ఛార్జర్ నిల్వ ఉందో లేదో అడిగాకే మిగతా మాటలు.